మూడో ఫ్రిజ్ దగ్గర దొరికిన టీకా

మాది కర్నూలు సి.క్యాంపులో ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్స్ అంగడి. ఇరవై రెండేళ్లుగా నాలుగు ఫ్రీజర్లు, రెండు ఫ్రిజ్‌లు, ఒక ఇన్వర్టర్‌తో కాపురం చేస్తున్నా. మే నెలలో కరెంటు పోయిందంటే ఫ్యాను ఆగిందని కాదు, కప్పులు కరుగుతాయని నాకు ముందు చెమట పడుతుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వైద్యం గురించి రాసేంత చదువు నాకు లేదు. చల్లగా ఉండాల్సిన సరుకు చల్లగా ఉందా లేదా అన్నది మాత్రం తలుపు తెరిచే తీరు చూసి చెప్పేస్తా. కాబట్టి మా పాపకు టీకా వేసిన పిల్లల క్లినిక్ మీద రాసే ఈ రివ్యూలో డాక్టరు గురించి కొంచెమే ఉంటుంది, ఫ్రిజ్ గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

సంగతేమంటే, 2025 ఆగస్టులో మా పాప ఎంఎస్ చదవడానికి టెక్సస్ పోయింది. జూన్ నెలాఖర్లో కాలేజీ వాళ్ల దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. మెనింజోకాకల్ టీకా (మెదడు చుట్టూ ఉండే పొరలకు వచ్చే ఒక జబ్బుకు వేసేది) వేయించుకున్న కాగితం పెట్టకపోతే క్లాసులకు రిజిస్టర్ కానివ్వరంట. ఆ పేరు నోట్లో తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది. "పాపకి చిన్నప్పుడు అన్ని సూదులూ వేయించినాం కదా, మళ్లీ ఇదేంది?" అని మా ఇంటామె. పాత టీకాల కార్డు వెతికి తీస్తే బీసీజీ ఉంది, పోలియో ఉంది, తట్టు టీకా ఉంది, ఇది లేదు. మన ప్రభుత్వం పిల్లలందరికీ వేసే టీకాల్లో ఇది లేదని అప్పుడు తెలిసింది.

రూలు టెక్సస్ రాష్ట్రానిది, ఆ కాలేజీ సొంతంగా పెట్టుకున్నది కాదు. కొత్తగా చేరేవాళ్లు 22 ఏళ్లలోపు వాళ్లయితే, గడిచిన ఐదేళ్లలో ఈ టీకా వేయించుకుని ఉండాలి, అదీ సెమిస్టర్ మొదలయ్యే రోజుకు కనీసం పది రోజుల ముందు. క్లాసులు ఆగస్టు 25న. పాప సెప్టెంబరు 3న 22 నిండుతుంది. పది రోజుల ముందు పుట్టుంటే ఈ ఖర్చే లేదు. "ఆ రోజు డాక్టరమ్మ ఆగస్టు 24 అనే డేటిచ్చింది, నీ కూతురే తీరిగ్గా వచ్చింది" అని మా ఇంటామె ఇప్పటికీ అంటుంది.

హాస్టల్లో ఉండట్లేదు కదా, బయట నలుగురమ్మాయిలతో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటోంది కదా, మనకు వర్తించదేమో అని నా ఆశ. పాప చదివి చెప్పింది. 2008లో ఆస్టిన్‌లో జేమీ షాన్‌బామ్ అనే విద్యార్థినికి ఈ జబ్బు రక్తంలోకి పాకి, రెండు కాళ్లూ మోకాళ్ల కింద, చేతి వేళ్లూ తీసేయాల్సి వచ్చిందంట. ఆ అమ్మాయి పేరు మీద 2009లో చట్టం తెచ్చినారు, హాస్టల్లో ఉండేవాళ్లకు మాత్రం. 2011లో నికొలిస్ విలియమ్స్ అనే ఇంకో విద్యార్థి ఇదే జబ్బుతో చనిపోయినాడు. ఆ పిల్లోడు హాస్టల్లో లేడు, బయట ఉంటున్నాడు. దాంతో చట్టాన్ని బయట ఉండేవాళ్లకూ కలిపి ఇద్దరి పేర్లూ పెట్టినారు. ఇది విన్నాక నేను ఇంక తప్పించుకునే దారి వెతకలేదు.

అప్పుడు మొదలైంది తిరగడం.

మొదట మాకు తెలిసిన మందుల షాపుకు పోయినా. పేరెందుకు లెండి. స్టాకు లేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తా, రాత్రి బస్సుకు వేస్తే తెల్లారేసరికి బళ్లారి చౌరస్తాలో దిగుతుంది అన్నాడు. ఆ మాట చెప్తూనే వెనక ఫ్రిజ్ తెరిచి ఎవరికో ఇన్సులిన్ తీసిచ్చినాడు. అందులో నేను చూసింది చెప్తా: పై అరలో మందులు, కింద అరలో నాలుగు నీళ్ల బాటిళ్లు, తలుపు పక్కన స్టీలు టిఫిన్ క్యారియర్. రబ్బరు అంచు ఒకవైపు ఊడి ఉంది. తలుపు మూస్తే మళ్లీ సన్నగా తెరుచుకుంటోంది. అట్లాంటి ఫ్రిజ్‌లో నేను పెరుగు కూడా పెట్టను. డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ రబ్బరు మార్చుకోమని చెప్పి వచ్చేసినా. మనిషి మంచోడే, నవ్వినాడు. మార్చినాడో లేదో తెలియదు.

రెండోది పెద్ద ఆస్పత్రి. ఏసీ, లిఫ్టు, రిసెప్షన్లో ముగ్గురు. "మెనింజైటిస్ టీకానా? ఉంది సార్, బిల్లు కట్టండి" అన్నారు. కట్టబోతుంటే పాప "ఒకసారి పెట్టె చూపిస్తారా?" అని అడిగింది. తెచ్చినారు. చూస్తే అది న్యుమోకాకల్ టీకా, న్యుమోనియా తెచ్చే క్రిమికి వేసేది. అది కూడా మెనింజైటిస్, అంటే ఆ మెదడు పొరల వాపు, రాకుండా కాస్తుంది కాబట్టి అక్కడి అమ్మాయి చెప్పింది పూర్తిగా అబద్ధమేం కాదు. కానీ క్రిమి వేరు, జబ్బు వేరు, టెక్సస్ వాళ్లు అడిగే కాగితం వేరు. పాప అడగకపోతే మేం వేల రూపాయలు కట్టి, అక్కర్లేని సూది పొడిపించుకుని, కాగితం తిప్పికొట్టాక ఏడ్చేవాళ్లం. పొరపాటు ఎవరైనా చేస్తారు. కానీ "రెండూ ఒకటేనమ్మా, అందరూ ఇదే వేసుకుంటారు" అని దబాయించినారు చూడండి, అక్కడ నాకు కాలింది.

మీరు వెళ్లినా పెట్టె అడగండి. దాని మీద ఏ, సి, డబ్ల్యూ, వై అనే నాలుగు అక్షరాలు ఉండాలి. ఈ క్రిమిలో జబ్బు చేసే రకాలు ముఖ్యంగా ఆరు ఉన్నాయి, వాటిలో నాలుగింటికి ఈ టీకా. ఆ అక్షరాలు లేకపోతే పెట్టె ఎంత బాగున్నా మీది కాదు.

మూడోది దొరకడానికి కారణం మా పక్కింటి చాచా. జులై మొదట్లో హజ్ నుంచి తిరిగొచ్చినాడు. ఖర్జూరాలు, జమ్‌జమ్ నీళ్లు ఇవ్వడానికి అంగడికి వచ్చి, నా మొహం చూసి "ఏమప్పా ఐస్‌క్రీమూ, ఎండకు నువ్వే కరిగిపోయినట్లుండావు" అన్నాడు. చెప్పినా. ఫక్కున నవ్వి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న కార్డు తీసినాడు. అదే జబ్బు, అదే టీకా! హజ్ కమిటీ ద్వారా పోయేవాళ్లకు బయల్దేరేముందు క్యాంపు పెట్టి ఉచితంగా వేస్తారు. "సూదితో పాటు పోలియో చుక్కలు గూడా ఏసినారప్పా. అరవై ఏడేళ్ల ముసలోన్ని, మనవడి మాదిరి నోరు తెరిచి నిలబడినా" అన్నాడు.

సౌదీ వాళ్ల రూలు కూడా పది రోజులే. దేశంలో అడుగుపెట్టేదానికి కనీసం పది రోజుల ముందు వేసుకుని ఉండాలి. ఒకటి మక్కా, ఒకటి టెక్సస్, రెండు చోట్లా అదే లెక్క ఎట్లా కుదిరింది అని అప్పుడు నాకు ఆశ్చర్యం. తర్వాత డాక్టరుగారు విప్పి చెప్పినారు. సూది వేసిన రోజే రక్షణ రాదు, ఒళ్లు దానికి సరిపడా సరంజామా తయారు చేసుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే ఎవరు రూలు రాసినా అక్కడికే వస్తారంట.

చాచా కోడలు తన బిడ్డలకు టీకాలన్నీ వేయించేది గాయత్రి ఎస్టేట్లో ఒక పిల్లల డాక్టరు దగ్గర. "ఆయన్నడుగు, లేకపోతే లేదంటాడు గానీ ఇంకోటి అంటగట్టడు" అన్నాడు చాచా. ఆ ఒక్క ముక్క నాకు చాలింది.

ఇక్కడ ఆ క్లినిక్ పేరు రాయడం లేదు. రాస్తానంటే డాక్టరుగారే వద్దన్నారు, ఉన్న గుంపుకే కుర్చీలు చాలడం లేదంట. గాయత్రి ఎస్టేట్ తెలిసినవాళ్లకు పిల్లల డాక్టర్లెవరో వేరే చెప్పక్కర్లేదు.

ఫోన్ చేస్తే సిస్టర్ ఎత్తింది. ధర చెప్పలేదు, రమ్మనలేదు. మొదట అడిగింది "ప్రయాణం ఎప్పుడు? కాగితం ఎప్పటికి కావాలి?" అని. రెండోది "పాపకు ఇంతకుముందు ఏ టీకాకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చినాయా?" అని. అవన్నీ అయ్యాక, స్టాకు ఒకటే ఉందని, శనివారం పొద్దున పది గంటలకు రమ్మని, వచ్చేటప్పుడు పాస్‌పోర్టు తెమ్మని చెప్పింది. టీకాకు పాస్‌పోర్టెందుకు అనుకున్నా. కాగితం మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలంట. మా పాపకు ఇంటి పేరు ముందొచ్చేది, వెనకొచ్చేది అని ఇప్పటికే మూడు రకాల కాగితాలున్నాయి. ఆ అమ్మాయికి ఇవన్నీ తెలుసు.

జులై 12, శనివారం. బండి పెట్టడానికి చోటు లేదు, ఇది ముందే చెప్తున్నా. సందు మొదట్లో ఒక టిఫిన్ బండి, దాని పక్కన రెండు ఆటోలు, ఆ తర్వాత మీ అదృష్టం. లోపల టోకెను పద్ధతి ఉంది గానీ ఏడుస్తున్న పిల్లలను ముందు పంపించేస్తారు. న్యాయమే, కానీ మన పది గంటలు పదకొండుంపావు అవుతుంది. కుర్చీలు పిల్లల తల్లుల కోసం పొట్టిగా చేయించినట్లున్నారు, నా మోకాళ్లు గడ్డానికి తగిలినాయి. గోడ మీద కుందేలు, ఏనుగు బొమ్మలు. ఇరవై ఒక్కేళ్ల మా పాప నెలల పిల్లల మధ్య టోకెను పట్టుకుని కూర్చుంటే, ఒక బామ్మ "ఏమ్మా, నీ బిడ్డేదీ?" అని అడిగింది. పాప మొహం చూడాలి!

ఇప్పుడు ఫ్రిజ్ గురించి.

డాక్టరు గది పక్కన చిన్న గదిలో ఉంది. ఇంట్లో వాడే ఫ్రిజ్ కాదు, టీకాల కోసమే చేసినది. బయట అంకెలు కనిపిస్తున్నాయి, 4.3 అని. లోపల టీకాలు తప్ప ఇంకేం లేవు, తలుపుకు అరలు కూడా లేవు. కింద స్టెబిలైజరు, పక్కన దానికి మాత్రమే ఇన్వర్టరు. ఫ్రిజ్ పైన దారంతో కట్టిన ఒక నోటు పుస్తకం. సిస్టర్ను అడిగి చూసినా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎంత చల్లదనం ఉందో రాసి సంతకం. ఆదివారాలు కూడా! ఎవరొస్తారమ్మా ఆదివారం అంటే, "నేనే సార్, మా ఇల్లు ఈ వెనకే" అంది. ఇరవై రెండేళ్లలో నేను అట్లాంటి పుస్తకం ఒక్కటి పెట్టలేదు. అంగడికి వచ్చినాక ఒకటి కొన్నా, నాలుగు రోజులు రాసినా, ఇప్పుడు అందులో పాలవాడి బాకీ రాస్తున్నాం.

నా గొప్పదనం కూడా చెప్పాలి కదా. పాపకు వేయించే సరుకు దారిలో వేడెక్కకూడదని, అవసరమైతే హైదరాబాద్ నుంచి నేనే తెచ్చుకుంటానని ముందే ఒక థర్మాకోల్ పెట్టె సిద్ధం చేసుకున్నా. మా తోపుడు బండ్లకు ఎట్లా పంపిస్తామో అట్లా: ఐస్ పగలగొట్టి, గళ్ల ఉప్పు చల్లి, మూత బిగించి. ఉప్పు పడితే ఐస్ సున్నా కంటే కిందికి పోతుంది, పుల్ల ఐస్ సాయంత్రం దాకా రాయిలా ఉంటుంది. "ఇంకోసారి స్టాకు లేకపోతే చెప్పమ్మా, మా పెట్టెలో తెస్తా, రెండు రోజులైనా చెక్కుచెదరదు" అని సిస్టర్తో అన్నా.

ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు మర్చిపోలేను. "సార్, అట్ల తెస్తే చచ్చిపోతుందది. గడ్డ కట్టిన టీకాను పారబోయడమే" అంది. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలంట. ఎనిమిది దాటినా తప్పే, సున్నాకు దిగినా తప్పే. ఐస్ ప్యాకులను కూడా ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే పెట్టరు, బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలే దాకా ఆగి అప్పుడు పెడతారు. నేనేమో చల్లదనం ఎంతుంటే అంత మంచిదనుకునే వ్యాపారంలో ఉన్నా. బస్సులో వేసి పంపిస్తానన్న మొదటి షాపతను ఆ డబ్బా నిండా ఐస్ కుక్కి పంపించేవాడే, నేను భేష్ అని మెచ్చుకుని తెచ్చుకునేవాణ్నే.

టీకా పేరు మెన్‌వియో. పెట్టె తెరిస్తే రెండు చిన్న సీసాలు. ఒకదాంట్లో తెల్లటి పొడి, చిటికెడంత, అడుగున బిళ్లలా అంటుకుని ఉంది. రెండోదాంట్లో నీళ్లలాంటి మందు. నీళ్లలో సి, డబ్ల్యూ, వై ఉంటాయి, పొడిలో 'ఏ' ఉంటుంది. ఈ 'ఏ' రకం నీళ్లలో నిలవుంటే చెడిపోతుందని విడిగా పొడి చేసి పెడతారంట. సిస్టర్ ముందు పెట్టె మీది తేదీ పాపకు చూపించి, పాపతోనే పైకి చదివించింది. తర్వాత నీళ్ల సీసాలోంచి సిరంజిలోకి లాగి, పొడి సీసాలోకి వదిలి, నెమ్మదిగా తిప్పుతూ ఉంది. పొడి ఒక్కసారి మబ్బులా లేచి, మాయమైపోయింది. వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ సిరంజిలోకి లాగింది. అర మిల్లీలీటరు. మేం పిస్తా కప్పు మీద వేసే సిరప్ చుక్క కూడా అంతకన్నా ఎక్కువే. ఎడమ భుజానికి వేసింది. కూర్చోబెట్టి వేసింది, ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడతారని. పదిహేను నిమిషాలు బయట కూర్చోమంది. అప్పటికి బామ్మ వెళ్లిపోయింది కాబట్టి పాప కూర్చుంది.

ఆ పదిహేను నిమిషాల్లో డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచినారు. ఆయన మాటలు తక్కువ. "ఏమడగాలో అడగండి" అన్నారు.

ఇది మెదడువాపేనా అని అడిగినా. మా చిన్నప్పటి నుంచి మెదడువాపంటే దోమలు, పందులు గుర్తొస్తాయి మాకు. కాదన్నారు. దోమ వల్ల వచ్చేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అది వైరస్, దాని టీకా వేరు. ఇది బ్యాక్టీరియా, మెదడును చుట్టి ఉండే పొరలకు వస్తుంది, లేదా రక్తంలో పాకుతుంది. దోమతో పనిలేదు, మనిషి నుంచి మనిషికే. ఉమ్మి, గొంతులోని తడి ద్వారా, అదీ దగ్గర దగ్గరగా చాలాసేపు ఉండేవాళ్లకు. పదిమందిలో ఒకరి ముక్కులో, గొంతులో ఇది ఊరికే కూర్చుని ఉంటుందంట, వాళ్లకేమీ కాదు. ఎవరికో ఒకరికి లోపలికి దిగుతుంది. అందుకే హాస్టళ్లు, సైన్యం బ్యారక్‌లు, హజ్ లాంటి జనసందోహం.

"అంత భయపడాల్సినదా?" అన్నా.

"అరుదు. అమెరికా మొత్తానికి ఏడాదికి కొన్ని వందల కేసులే. కానీ వచ్చిందా, టైమివ్వదు" అన్నారు. సరైన మందు పడినా నూటికి పది, పదిహేను మంది చనిపోతారు, ఒక్కోసారి ఒక్కరోజులోనే. బతికినవాళ్లలో ఐదుగురిలో ఒకరికి దాకా చెవుడో, కాలో చెయ్యో పోవడమో, మెదడు దెబ్బతినడమో మిగులుతుంది. జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ వంగకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, వాంతులు. ఒంటి మీద ఎర్రటి, ఊదా రంగు మచ్చలు వస్తే, గాజు గ్లాసు పెట్టి నొక్కి చూడమన్నారు. మామూలు దద్దురైతే నొక్కినప్పుడు రంగు పోతుంది. ఈ మచ్చ పోదు. అప్పుడు ఇంక ఎవరినీ అడగకుండా ఆస్పత్రికి పరిగెత్తడమే. మచ్చలు రాలేదని కూడా ఆగకూడదన్నారు. గదిలో ఒకరికి వస్తే మిగతావాళ్లు కూడా వెంటనే చెప్పాలి, వాళ్లకు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు.

మన దేశంలో రాలేదా అంటే వచ్చింది. ఢిల్లీలో 1966లో, 1985లో, 2005లో. 2008-09లో మేఘాలయ, త్రిపురల్లో. అయినా అందరికీ వేసేంత ఎక్కువ కాదని జాతీయ టీకాల్లో పెట్టలేదు. ప్లీహం తీసేసినవాళ్లకు, కొన్ని రకాల రోగనిరోధక లోపాలున్నవాళ్లకు, ఈ క్రిమితో పనిచేసే ల్యాబు వాళ్లకు, ఇదిగో ఇట్లా ప్రయాణాలు పోయేవాళ్లకు మాత్రం వేయించుకోమంటారు. హజ్‌లో కూడా 1987లో 'ఏ' అనే రకం చెలరేగింది, 2000లో డబ్ల్యూ రకం చెలరేగి, యాత్రికులతో పాటు వాళ్ల దేశాలకు పోయింది. అందుకే సౌదీ వాళ్లు నాలుగు రకాలదే కావాలంటారు.

నాకు విచిత్రంగా అనిపించింది ఇంకోటి. ఈ జబ్బు అన్నిటికంటే ఎక్కువ పీడించేది ఆఫ్రికాలో, సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉండే దేశాల్లో. అక్కడికి పోయే, 'ఏ' అనే రకానికి వేసే టీకా మన పుణె సీరం ఇన్‌స్టిట్యూట్‌దే, 2010లో బుర్కినా ఫాసోలో మొదలుపెట్టినారు. ఇప్పుడు అదే సంస్థ ఐదు రకాలకు కలిపి ఒకటి చేసింది, 2024లో నైజీరియాలో వేసినారు. మన దేశంలో చేసింది నైజీరియాకు పోతుంది, నేను మాత్రం ఒక్క డోసు కోసం కర్నూలులో మూడు గుమ్మాలు ఎక్కినా. డాక్టరుగారిని అడిగితే "అక్కడ పిల్లలు చచ్చిపోతున్నారు కదా, ముందు వాళ్లకే పోవాల" అన్నారు. నేనేం మాట్లాడలేదు.

ఒక లోటు ఉంది, టీకాలోదే. బి రకానికి ఇది పనిచేయదు. బి టీకా ఇక్కడ దొరకదు, పాప అక్కడికి పోయాక కాలేజీ హెల్త్ సెంటర్లో అడిగి నిర్ణయించుకోవాలి. "టీకా వేసుకున్నా కదా అని ఆ జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు" అని డాక్టరుగారు పాపకు రెండుసార్లు చెప్పినారు. అమ్మే సరుకులో ఏది లేదో అమ్మేవాడే ముందు చెప్పడం నేను వ్యాపారంలో ఎక్కువగా చూడలేదు.

డబ్బు ఐదు వేల దరిదాపుల్లో అయింది. టీకాకు ఎంత, వేసినందుకు ఎంత అని బిల్లులో విడివిడిగా రాసినారు. పెట్టె మీద ధర ఎంతుందో అంతే, పైసా ఎక్కువ లేదు. ఫోన్‌పే తీసుకుంటారు.

ఆ పూట రాజ్‌విహార్ వైపు పోయి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. సాయంత్రానికి పాప భుజం నొప్పి మొదలైంది. రాత్రి కొంచెం తలనొప్పి, ఒళ్లు వెచ్చగా ఉంది, పారాసిటమాల్ వేసుకుంది. ఆదివారం ఎడమ చెయ్యి పైకి లేవలేదు. జడ వేసుకోలేకపోతే వాళ్లమ్మ కూర్చోబెట్టి నూనె పెట్టి, రెండు జడలు వేసింది. టెన్త్ తర్వాత పాపకు రెండు జడలు అదే. సోమవారానికి అంతా మామూలే.

ఇంతా చేసి, బుధవారం కాలేజీ వాళ్లు కాగితం తిప్పికొట్టినారు! క్లినిక్‌లో సర్టిఫికెట్ మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర, అన్నీ ఉన్నాయి. తేదీ 12/07/2025 అని ఉంది. మనకు జులై 12. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు, వాళ్లకది డిసెంబరు 7. ఇంకా రాని తేదీన టీకా వేసుకున్నట్లు ఉందని కంప్యూటరు ఒప్పుకోలేదు. ఎంతో పకడ్బందీగా ఉండే ఆ సిస్టర్ కూడా ఈ ఒక్కచోట దొరికిపోయింది. ఫోన్ చేస్తే "అయ్యో సార్" అని మధ్యాహ్నానికల్లా నెలను అక్షరాల్లో రాసి, కొత్త సర్టిఫికెట్ ముద్ర వేసి ఇచ్చింది. డబ్బులడగలేదు. ఇప్పుడు ఆమె టేబుల్ మీద అట్ట ముక్కపై "నెల అక్షరాల్లో రాయాలి" అని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకుంది. మా పాప వల్ల వెలిసిన బోర్డది.

చాచా కార్డు కూడా ఆ రోజే చూపించినా, చాచీని తీసుకుని మళ్లీ ఉమ్రాకు, అంటే హజ్ కాని రోజుల్లో చేసే మక్కా యాత్రకు, పోవాలని ఆయన ఆలోచన. ఆయనకు క్యాంపులో వేసింది పాత రకమా, కొత్త రకమా అని డాక్టరుగారు చూసినారు. ఈ క్రిమి పైన చక్కెర లాంటి పొర ఒకటి ఉంటుంది. ఒట్టి ఆ పొరతో చేసింది పాత రకం, ఒంటికి ఎక్కువ కాలం గుర్తుండదు, సౌదీ వాళ్లు మూడేళ్లు ఒప్పుకుంటారు. ఆ పొరకు ప్రోటీన్ జోడించి చేసింది కొత్త రకం, మా పాపకు వేసినట్లాంటిది, దానికి ఐదేళ్లు. ఏ రకమో కార్డు మీద రాసి ఉంటేనే ఐదేళ్లు, రాయకపోతే మూడేళ్లే లెక్క. చాచా కార్డు మీద రాసి లేదు. "ఉచితంగా ఏసినారు, అది గూడా రాయమని యాడడుగుతామప్పా" అన్నాడు. అడగాల్సిందే చాచా, అన్నా నేను.

మార్కులు వేయమంటే అయిదుకు నాలుగు. ఒకటి తగ్గించింది తేదీ కోసం కాదు, దాన్ని వెంటనే సరిచేసినారు. చెప్పిన టైముకూ పిలిచిన టైముకూ గంటంపావు తేడా ఉంది, ముసలివాళ్లు ఆ పొట్టి కుర్చీల్లో అంతసేపు కూర్చోలేరు. రెండు పెద్ద కుర్చీలు వేయించమని చెప్పినా. మా అంగడిలోవి రెండు ఇస్తానన్నా, నవ్వి ఊరుకున్నారు.

పోయేవాళ్లు ముందురోజే ఫోన్ చేయండి, ఒకటి రెండు డోసుల కంటే ఎక్కువ పెట్టుకోరు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మూసి ఉంటుంది. పాస్‌పోర్టు తీసుకుపోండి. బండి మాత్రం టిఫిన్ బండికి అవతలే పెట్టి నడవండి, లోపలికి తెస్తే తిప్పుకోవడానికి చోటుండదు.